క్లామిడియా టీకాల పరిశోధనలో జంతువుల వాడకంపై దోమలగూడ నివాసుల సభ చేసిన తీర్మానం

దోమలగూడ, గగన్‌మహల్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేటల్లో ఉంటున్నవారు, ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్న వైద్యులు, పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవారు, జీనోమ్ వ్యాలీ ఉద్యోగాలకు పొద్దున్నే బస్సెక్కేవారు, అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతీ యువకులు దోమలగూడలో సమావేశమయ్యారు. క్లామిడియా అనే సూక్ష్మజీవి వల్ల మనుషులకూ పశువులకూ వచ్చే జబ్బులు, వాటికి టీకా కోసం సాగుతున్న ప్రయత్నాలు, ఆ ప్రయత్నాల్లో జంతువులను వాడుతున్న తీరు చర్చకు వచ్చాయి. చర్చ ముగిశాక ఈ తీర్మానం ఆమోదం పొందింది.

పూర్వాపరాలు

టీకా ఈ పేటలకు కొత్త కాదు. నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. కుక్క కరిస్తే చాలామందికి మొదట గుర్తొచ్చే చోటు అది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనగానే ఈ సభలో అరవై దాటినవాళ్ల చేతులు ఇప్పటికీ పొట్ట మీదికి పోయాయి. ఆ మందు గొర్రె మెదడుతో తయారయ్యేది. గొర్రెకు రేబిస్ ఎక్కించి, మెదడు తీసి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి, ఆ ముద్దను పలచన చేసి గుచ్చేవారు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో చూపిన పద్ధతి. అది ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. అందులోని మెదడు పదార్థం పడక కొందరికి పక్షవాతమూ వచ్చింది. కణాల్లో పెంచిన మేలైన టీకాలు వచ్చి ఏళ్లు గడిచినా, 2004 చివరిదాకా మన దేశం ఆ పాత మందును వదల్లేదు. జంతువు రుణం తీసుకోవడం ఎంత సులువో, ఆ రుణం ఇక అక్కర్లేదని ఒప్పుకోవడం అంత కష్టమని ఈ సభ ఆ అనుభవం నుంచి గ్రహించింది.

క్లామిడియా విషయం వేరే. గ్రీకు భాషలో క్లామిస్ అంటే భుజాన కప్పుకునే వస్త్రం. కణంలోని కేంద్రకాన్ని కప్పుకొని కనిపించిందని ఆ పేరు. ఇది బాక్టీరియాయే అయినా సొంతంగా బతకలేదు. బయట ఉన్నప్పుడు గింజలా గట్టిగా ఉంటుంది. మన కణంలోకి దూరాక మెత్తబడి, చీలుతూ పెరిగి, రెండు మూడు రోజుల్లో మళ్లీ గింజలుగా మారి కణాన్ని పగలగొట్టుకొని పక్క కణాల మీద పడుతుంది. ఒక రకం కంటిరెప్పల లోపల కురుపులు పుట్టించి, ఏళ్ల తరబడి గీరి గీరి చూపు పోగొడుతుంది. అదే ట్రకోమా. ఇంకో రకం జననాంగాల్లో చేరుతుంది. ఇంకో జాతి గొర్రెల మాయలో చేరి పిల్లలను చంపుతుంది.

దీని మందు కథలో ఒక తెలుగువాడి చెయ్యి ఉందని సభ గర్వంగా గుర్తు చేసుకుంటున్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలను నడిపిస్తున్న రోజుల్లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దబిడ్డ. దాన్ని మొదటగా మనుషులకిచ్చి చూసినవాడు న్యూయార్క్ హార్లెం ఆసుపత్రి వైద్యుడు లూయీ రైట్. ఇచ్చింది గజ్జల్లో బిళ్లలు కట్టే లింఫోగ్రాన్యులోమా రోగులకు. ఆ జబ్బు తెచ్చేది క్లామిడియాలోని ఒక రకమే. ఆ ఫలితాలు బయటికొచ్చిన 1948లోనే, ఆగస్టు నెలలో, సుబ్బారావు కన్నుమూశారు. ఈ రోజు మా పేటల డాక్టర్లు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, వారం రోజులకు రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

మందు ఉంది కదా, టీకా ఎందుకు? సభలో మొదట లేచిన ప్రశ్న ఇదే. ట్రకోమాను మన దేశం టీకా లేకుండానే అదుపులోకి తెచ్చింది. 1963లో జాతీయ కార్యక్రమం మొదలైంది. మందులు, కనురెప్పల ఆపరేషన్లు, మొహం కడుక్కోవడానికి నీళ్లు, ఇంటి చుట్టూ శుభ్రత, ఇవే ఆయుధాలు. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించింది. ప్రశ్న అడిగిన పెద్దాయన ఈ సంగతి చెప్పి కూర్చున్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది.

జవాబు చెప్పింది స్త్రీల వైద్యురాలు. కన్ను ఎర్రబడితే తల్లి చూస్తుంది. లోపలి క్లామిడియాను చూసేవాళ్లు లేరు. సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. ఉన్నా తెల్లబట్ట అవుతోందని, నడుం లాగుతోందని అనుకొని ఊరుకుంటారు. సర్కారు దవాఖానాల్లోని సురక్ష క్లినిక్కులు లక్షణాన్నిబట్టి రంగు రంగుల కిట్లు ఇస్తాయి. స్రావం అవుతుంటే బూడిద రంగు కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపు రంగు కిట్. బాధ చెప్పుకున్నవాళ్లకు ఇది మేలే. బాధ లేనివాళ్లకు మాత్రం ఏ రంగూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో 15 నుంచి 49 ఏళ్లవారికి కొత్తగా సోకిన క్లామిడియా దాదాపు 12.9 కోట్లు. ఆ సోకు పైకి పాకి గర్భనాళాల్లో మచ్చ కట్టిస్తుంది. కొన్నేళ్లకు పిల్లలు లేరని ఆసుపత్రికొస్తే ఎక్స్‌రేలో రంగు ముందుకు పోదు. "ట్యూబులు మూసుకుపోయాయమ్మా" అంటారు. లేదా గర్భం ట్యూబులోనే నిలిచి పగిలి ప్రాణం మీదికొస్తుంది. సోకు తెచ్చింది చాలాసార్లు భర్త. గొడ్రాలు అనిపించుకునేది భార్య.

ఇక్కడ ఒక చిన్న మాట. ఈ జబ్బులకు మన పత్రికలు, పాత ఆరోగ్య బోర్డులు వాడిన పేరు సుఖవ్యాధులు. ఆ సుఖం ఎవరిదో ఈ సభకు అర్థం కాలేదు. అందుకే ఆ మాటను ఈ తీర్మానంలో ఇంకెక్కడా వాడలేదు.

జంతువులు ఇంతవరకు చెప్పినవి

ఈ సూక్ష్మజీవిని మొదట చూపించింది కోతి జాతే. 1907లో హాల్‌బర్‌స్టెటర్, ప్రొవాజెక్ అనే ఇద్దరు జావా ద్వీపంలో ట్రకోమా రోగి కంటి గీరుడును ఒరాంగుటాన్ల కళ్లలో వేసి, ఆ కణాల్లో దీని గూళ్లను గుర్తించారు. దాన్ని పెంచడానికి తర్వాత యాభై ఏళ్లు పట్టింది. బీజింగ్‌లో తాంగ్ ఫీఫాన్ కోడిగుడ్డు పచ్చసొన సంచిలో పెంచి 1957లో ఆ వివరాలు అచ్చు వేశాడు. జంతువు ఎంత చెప్పినా చాలదనుకున్నాడేమో, ఆ సూక్ష్మజీవిని తన కంట్లోనే వేసుకొని చూశాడు. జంతువు మీద చేసే పని గురించి మాట్లాడుకునే ఈ సభ ఆయన్ని ఒక నిమిషం తలచుకుంది.

గుడ్డులో పెరిగింది కాబట్టి టీకా వెంటనే వస్తుందనుకున్నారు. 1960లలో తైవాన్, సౌదీ అరేబియా, గాంబియా, ఇథియోపియాలతో పాటు మన పంజాబ్ పల్లెల పిల్లల మీదా ప్రయోగాలు జరిగాయి. పంజాబ్ ప్రయోగంలో ధీర్, అగర్వాల్ అనే మన నేత్రవైద్యులు, గ్రేస్టన్ అమెరికన్ బృందం కలిసి పనిచేసి 1967లో వివరాలు ప్రకటించారు. ఈ ప్రయత్నాలన్నింటిలో కలిపి చూస్తే దొరికిన రక్షణ అరకొర, అదీ కొద్దికాలమే. అంతకంటే పెద్ద మాట అదే ఏడాది కోతుల నుంచి వచ్చింది. టీకా వేసిన కొన్ని కోతులకు తర్వాత సోకు తగిలించినప్పుడు, టీకా వేయనివాటికంటే కళ్లు ఎక్కువగా వాచాయి. టీకా కాపాడకపోవడం ఒకటి, టీకా వల్ల జబ్బు ముదరడం ఇంకొకటి. మనుషుల్లోనూ అలా జరిగిందా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ భయంతోనే మొత్తం సూక్ష్మజీవితో చేసే టీకాలు పక్కకు పోయి, దాని పైపొరలోని మాంప్ అనే ఒక్క ప్రొటీను చుట్టూ పరిశోధన తిరగడం మొదలైంది.

ఆ తర్వాత రంగంలోకి దిగింది చిట్టెలుక. చవక, చోటు తక్కువ, నెలలో ఫలితం. చిట్టెలుకకు సహజంగా సోకే క్లామిడియా మ్యూరిడారం అనే జాతిని జననాంగంలో వేస్తే అది పైకి పాకి ట్యూబుల్లో నీరు చేరుస్తుంది. మన ఆడవాళ్లకు జరిగేదానికి చాలా దగ్గర. అయితే సోకు బాగా అంటుకోవడానికి ఎలుకకు ముందు ఒక హార్మోను సూది వేస్తారు. అది మన సర్కారు ఆసుపత్రుల్లో అంతర పేరుతో ఇచ్చే గర్భనిరోధక సూదిలోని మందే. అంటే ఆ ఎలుక మామూలు ఎలుక కాదు.

మనిషికి సోకే జాతిని ఎలుకలో వేస్తే ఇంకో చిక్కు. రెండు ఒళ్లూ ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఒకే హెచ్చరికను వాడతాయి, కానీ దానికి చేసే పని వేరు. మనిషి కణం ట్రిప్టోఫాన్ అనే పోషకాన్ని నాశనం చేసి సూక్ష్మజీవిని ఆకలికి మాడుస్తుంది. ఎలుక కణం ఆ సూక్ష్మజీవి దాక్కున్న గదినే బద్దలుకొడుతుంది. మన ఇంట్లో దొంగకు అన్నం పెట్టరు, ఎలుక ఇంట్లో దొంగ ఉన్న అటకను కూలుస్తారు. పైగా మన జననాంగాల్లో చేరే రకం గడుసుది. అక్కడున్న ఇతర సూక్ష్మజీవుల నుంచి ఇండోల్ తీసుకొని తనకు కావలసిన ట్రిప్టోఫాన్ తానే వండుకుంటుంది. కంటి రకానికి ఆ విద్య లేదు. ఇదంతా తెలియకుండా ఎలుకలో గెలిచిందని సంబరపడితే, అది ఎలుక గెలుపే అవుతుంది.

గినీపిగ్‌కు సొంత క్లామిడియా ఉంది. మగదాని నుంచి ఆడదానికి సహజంగా సోకుతుంది. సంపర్కం ద్వారా పాకడాన్ని ఆపగలమా అని అడగాలంటే దాన్నే అడగాలి. పొట్టి రకం పందుల జననాంగాలు, ఋతుచక్రం మన ఆడవాళ్లకు దగ్గరగా ఉంటాయి. కోతి ట్యూబులు అన్నింటికంటే దగ్గర. ఖరీదూ, పాపమూ కూడా అన్నింటికంటే ఎక్కువ.

ఈ మెట్లన్నీ ఎక్కి మనిషి దాకా వచ్చిన టీకా ఒకటుంది. డెన్మార్క్ స్టేటెన్స్ సీరం సంస్థ తయారుచేసిన సీటీహెచ్522. లండన్ ఇంపీరియల్ కాలేజీలో 35 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలకు వేసి చూసి 2019లో ఫలితాలు ప్రకటించారు. ముప్ఫై మందికి టీకా, ఐదుగురికి ఉత్త సెలైన్. టీకా పొందినవాళ్లందరిలో ప్రతిరక్షకాలు పుట్టాయి, పెద్ద ప్రమాదమేదీ జరగలేదు. జబ్బును ఆపుతుందా అన్నది తేల్చడానికి చేసిన ప్రయోగం కాదది. 2025 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో ఒక క్లామిడియా టీకాకు అనుమతి దొరికింది. అది మనుషులకు కాదు, కోలాలకు. గుడ్డితనంతో, గొడ్డుపోయి అంతరించిపోతున్న ఆ జంతువు కోసం సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయంలో పీటర్ టిమ్స్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. అన్ని ఎలుకల శ్రమ తర్వాత ఫలం కోలాకు దక్కిందంటే సభలో చాలామంది నవ్వారు. రిటైరైన పశువైద్యులు నవ్వలేదు. ఇందులో తప్పేముంది, జంతువు జబ్బుకు జంతువును అడిగారు, సరైన జవాబు వచ్చింది అన్నారు. ఈ తీర్మానానికి వెన్నెముక ఆ మాటే.

పైన చెప్పినవాటిని దృష్టిలో ఉంచుకొని ఈ సభ ఈ కింది విధంగా తీర్మానిస్తున్నది.

తీర్మానం

ఒకటి. క్లామిడియా టీకా పరిశోధనను హైదరాబాద్ చేపట్టాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఆవరణలో ప్రయోగశాల జంతువుల కేంద్రం ఉంది. జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2022 అక్టోబరులో జాతీయ జంతు వనరుల కేంద్రాన్ని ప్రారంభించింది. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకాను సామాన్యుడి చేతికందే ధరకు దించింది. భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ ఇక్కడే ఉన్నాయి. ఇన్ని ఉండి, ఆడవాళ్ల ట్యూబుల జబ్బు గురించి పైకి మాట్లాడే అలవాటు మనకు లేదన్న కారణంగా ఈ పని వెనకబడితే అది సిగ్గుపడాల్సిన విషయమని ఈ సభ భావిస్తున్నది.

రెండు. ఇది ఈ తీర్మానంలో అసలు సంగతి. జంతువును వాడే ప్రతి క్లామిడియా ప్రయోగానికి ముందు, ఆ జంతువును ఏ ప్రశ్న అడుగుతున్నారో, ఏ జవాబు వస్తే ఆ టీకా పని ఆపేస్తారో కాగితం మీద రాసిపెట్టాలి. జంతువు కాదంటే ఆపే ఉద్దేశం లేనివాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. 1967 కోతులు చెప్పిన మాట విన్నారు కాబట్టే తర్వాతి టీకాల దారి మారింది. ఆ కోతుల బాధకు దక్కిన న్యాయం అంతవరకే. ప్రయోగంలో స్వాబుపై సూక్ష్మజీవుల సంఖ్య తగ్గిందని ఆగిపోకూడదు. టీకా వేసిన జంతువుకు మళ్లీ సోకు తగిలినప్పుడు ట్యూబులు ఎలా ఉన్నాయి, మచ్చ తగ్గిందా పెరిగిందా అన్నది చూడాలి. ఆడవాళ్లు ఆసుపత్రికి వచ్చేది ట్యూబుల కోసం, స్వాబు కోసం కాదు. ఎలుకలో వచ్చిన ఫలితాన్ని ఎలుక ఫలితమనే పత్రికలకు చెప్పాలి. "క్లామిడియాకు టీకా వచ్చేసింది" అన్న హెడ్డింగు ఎలుక ఫలితం మీద పెట్టొద్దని పాత్రికేయ మిత్రులను ఈ సభ కోరుతున్నది.

మూడు. విఫలమైన జంతు ప్రయోగాల వివరాలను కూడా బయటపెట్టాలి. ఒకచోట పనికిరాదని తేలిన టీకా మందును ఇంకోచోట తెలియక మళ్లీ వందల ఎలుకలకు గుచ్చడం క్రూరత్వమే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నియమాల ప్రకారం జంతు ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం ఉండాలి. అందులో శాస్త్రవేత్త కాని, సామాజిక అవగాహన గల ఒక సభ్యుడు ఉంటారు. ఆ కుర్చీ సంతకం పెట్టి టీ తాగి వెళ్లే కుర్చీ కాకూడదు. ఆయన లేదా ఆమె అభ్యంతరం చెబితే దాన్ని మినిట్స్‌లో పూర్తిగా నమోదు చేయాలి.

నాలుగు. కోతుల గురించి. ముసాయిదాలో కోతులను అసలు వాడకూడదని ఉంది. చర్చ చాలాసేపు సాగింది. రామకృష్ణ మఠం పక్క వీధిలో ఉండే ఒక సభ్యురాలు, టీకా వల్ల జబ్బు ముదురుతుందా అన్న ప్రశ్నను కోతిని అడక్కపోతే చివరికి మా పిల్లలను అడుగుతారు, దానికి ఒప్పుకుందామా అని నిలదీశారు. దాంతో సవరణ వచ్చింది: చిట్టెలుక, గినీపిగ్, పంది మెట్లు దాటాకే, అదీ హాని ఉందా అన్న ఒక్క ప్రశ్న కోసమే, వీలైనంత తక్కువ కోతులతో. పని అయ్యాక బతికున్నవాటి పోషణ ఖర్చు ప్రయోగం చేసిన సంస్థే భరించాలి. సవరణ ఎక్కువమంది ఆమోదంతో నెగ్గింది. కోతిని ఏ కారణంతోనూ వాడకూడదన్న సభ్యుల అసమ్మతిని ఈ తీర్మానంలో భాగంగానే నమోదు చేస్తున్నాం.

ఐదు. గొర్రెల టీకా ముందు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో మొదటి స్థానం మనదే. చూడి గొర్రె నెలలు నిండబోతుండగా ఈసుకుపోతే గొల్లకురుమలు గాలి సోకిందనో, మేత పడలేదనో అనుకుంటారు. కారణాలు చాలా ఉంటాయి, అందులో క్లామిడియా అబార్టస్ ఒకటి. దీని తీరు మోసపూరితం. ఈ ఏడు పక్క గొర్రె మాయ నాకి సోకు తెచ్చుకున్న గొర్రె, ఏ గుర్తూ లేకుండా ఉండి, వచ్చే ఏడు ఈసుకుపోతుంది. ఆ మాయను చేత్తో తీసే గర్భిణికి ప్రాణాపాయం. స్కాట్లాండ్‌లో స్టాంప్ బృందం 1950లో దీని కారణాన్ని పట్టి, గుడ్లలో పెంచి చంపిన టీకా తయారుచేసింది. తర్వాత బలహీనపరిచిన సజీవ టీకా కూడా వచ్చింది. టీకా వేశాక కూడా ఈసుకుపోయిన కొన్ని గొర్రెల మాయలో ఆ టీకా రకమే దొరికిన సందర్భాలూ ఉన్నాయి. ఆ సంగతి దాచకుండా మన మందలకు ఏది సరిపోతుందో పరీక్షించాలి. ఈసుకుపోయిన ప్రతి మంద నుంచి మాయ, రక్తం నమూనాలు తీసి, బ్రూసెల్లా పరీక్షతో పాటు క్లామిడియా పరీక్షా చేయించాలని పశుసంవర్ధక శాఖను, శాంతినగర్ పశు జీవౌషధ పరిశోధన సంస్థను, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాన్ని ఈ సభ కోరుతున్నది. సెంపుల్ మందు కోసం మెదళ్లిచ్చిన గొర్రెలకు ఈ పేటలు తీర్చగల రుణం ఇదొక్కటే.

ఆరు. టీకా మనుషుల దాకా వచ్చిన రోజున ఖమ్మాన్ని మరిచిపోకూడదు. 2009లో గర్భాశయ ముఖ క్యాన్సరు టీకాను ఖమ్మం జిల్లాలో వేల మంది బాలికలకు ఒక ప్రాజెక్టు పేరుతో వేశారు. భద్రాచలం ప్రాంతపు హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేసినవి బయటపడ్డాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. కొందరు బాలికల మరణాలకు టీకా కారణమని చెప్పడానికి ఆధారం లేదని విచారణ సంఘం చెప్పింది. అనుమతి తీసుకున్న తీరును మాత్రం పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. ఎవరి ఒంట్లోకి పోతుందో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి అడగకపోవడం మాత్రం ఏ టీకాతోనూ మాసిపోదు. ఈ మాట అశోక్ నగర్ కోసం ప్రత్యేకంగా రాస్తున్నాం. ఇక్కడి హాస్టళ్లలో ఇంటికి దూరంగా, చేతిలో డబ్బుల్లేక, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న యువతులు వేలల్లో ఉన్నారు. ప్రయోగానికి మనుషులు కావాలనుకున్నవాళ్లకు ఇంతకంటే సులువైన చోటు దొరకదు. ఏ హాస్టల్ యజమానీ, ఏ కోచింగ్ సెంటరూ ప్రయోగాలకు మనుషులను సమకూర్చకూడదు. చేరదలచినవాళ్లు తెలుగులో రాసిన పత్రాన్ని ఇంటికి తీసుకుపోయి, చదివి, రెండు రాత్రులు నిద్రపోయి వచ్చి సంతకం పెట్టే వీలుండాలి.

ఏడు. టీకా వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. టీబీ, కోవిడ్ పరీక్షల కోసం జిల్లాల్లో పెట్టిన యంత్రాల్లో క్లామిడియా పరీక్ష చేయగలిగినవి ఉన్నాయి. పిల్లల కోసం తిరుగుతున్న దంపతులకు, గర్భిణులకు, సురక్ష క్లినిక్కులకు వచ్చేవారి భార్యకో భర్తకో ఆ పరీక్ష ఉచితంగా చేయాలి. మందు ఇద్దరికీ ఒకేసారి ఇవ్వాలి.

ఎనిమిది. ఈ తీర్మానం ప్రతులను ఐసీఎంఆర్‌కు, రాష్ట్ర ఆరోగ్య, పశుసంవర్ధక శాఖలకు, పైన పేర్కొన్న సంస్థలకు పంపాలి.

ప్రతిపాదించినవారు రిటైరైన పశువైద్యులు, బలపరిచినవారు చిక్కడపల్లిలో ప్రాక్టీసు చేసే స్త్రీల వైద్యురాలు. నాలుగో అంశంపై అసమ్మతితో సహా తీర్మానం ఆమోదం పొందింది. చదవదలచినవారి కోసం ఒక ప్రతిని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఇస్తున్నాం. అభ్యంతరాలు ఉన్నవారు రాసి ఇస్తే వచ్చే సభలో చదివి వినిపిస్తాం.